పలకని స్పీకరు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి నా ప్రసంగాంశం వినగానే "ఇది మగవాళ్ల గొడవ గదా, మనకెందుకులే" అని కొందరు వంటింట్లోకి వెళ్లబోతారేమో. ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్లల్లోకి ఈమధ్య వైరు లేని స్పీకర్లు వచ్చాయి. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కొడుకో కూతురో పండక్కి వచ్చినప్పుడు ఒకటి తెచ్చి అలమరలో పెట్టిపోతారు. పొద్దున్నే సుప్రభాతం, మధ్యాహ్నం హరికథ, సాయంత్రం వార్తలు. ఉన్నన్నాళ్లూ చక్కగా పలుకుతుంది. ఒకనాడు ఉన్నట్టుండి మూగనోము పడుతుంది. తెచ్చిన పిల్లలు ఊళ్లో ఉండరు. ఇంట్లో ఉండేది మనం. "నువ్వేదో నొక్కినావు, నువ్వేదో కదిలించినావు" అన్న మాట పడేదీ మనమే.

అందుకని ఆ స్పీకరు ఎందుకు పలకదో, ఏ వరసలో చూసుకుంటే మళ్లీ పలుకుతుందో నాకు తెలిసినంత మేరకు చెబుతాను. నేను పదో తరగతి పాసై ఇల్లు చక్కబెట్టుకుంటున్నదాన్ని, ఇంజనీరును కాను. కాని, పప్పు ఉడకనప్పుడు మనమేం చేస్తాం? నీళ్లు చాల్లేదా, మంట చాల్లేదా, పప్పే పాతదా అని ఒక్కొక్కటే చూస్తాం. కుక్కర్ని ఎత్తి వీధిలో పారేయం గదా! స్పీకరు విషయంలోనూ ఆ ఓపిక ఉంటే చాలు.

మొదట గాలిలో ఏం జరుగుతున్నదో కొంచెం తెలిసికుందాం. నా ఈడువాళ్లు చాలామంది కడప కేంద్రాన్ని మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ మీద వింటూ పెరిగినవాళ్లే. ఆ తరంగం ఒక్కొక్కటీ దాదాపు 333 మీటర్ల పొడవు. అంత పొడవాటి అల కొండ అడ్డమొచ్చినా చుట్టుకుని దాటిపోతుంది. మా ఊరి కొండ పడగ విప్పిన పామును పోలి ఉంటుందని, ఉరగకొండ అన్నదే ఉరవకొండ అయిందని పెద్దలంటారు. ఆ పడగ నీడలో ఉన్న ఇంటికీ కడప మాటలు వచ్చేవి. తరువాత అనంతపురం కేంద్రం ఎఫ్.ఎం. 101.7 మెగాహెర్ట్జ్ మీద వచ్చింది. ఆ అల పొడవు సుమారు మూడు మీటర్లు. మాట స్వచ్ఛంగా వినబడుతుంది గాని, కొండ చాటుకు పోతే కొంచెం మొరాయిస్తుంది.

ఇక వైఫై. ఇదీ రేడియో తరంగమే, వేరే మాయ ఏమీ లేదు. ఇంట్లో గోడకు తగిలించిన రూటరు అనే పెట్టె ఒక చిన్న రేడియో స్టేషను. ఇప్పటి రూటర్లలో చాలావాటికి రెండు దారులుంటాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని అల పొడవు అయిదు అంగుళాలు. రెండవదాని అల రెండుంబావు అంగుళాలకు అటూ ఇటూ. 5 గిగాహెర్ట్జ్ దారిలో వేగం ఎక్కువ, కాని గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో వేగం తక్కువ, కాని నాలుగు గోడలు దాటి పెరటిదాకా పోగలదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం రిపేరు మనకు వచ్చినట్టే.

ఒక సందేహం ఇక్కడే తీర్చుకుందాం. రూటరు పేరు పక్కన "5జీ" అని ఉంటే, అది 2022 అక్టోబరులో మన దేశంలో మొదలైన సెల్‌ఫోను 5జీ కాదు. అక్కడ 5జీ అంటే అయిదవ తరం. రూటరు మీది 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్. "మా ఫోను పాత 4జీ ఫోను, అందుకే స్పీకరు రావడం లేదు" అని వాపోయేవాళ్లను చూశాను. ఆ రెండింటికీ సంబంధం లేదు.

మరి స్పీకరు ఎందుకు మూగపోతుంది? ఇంటికి రెండు వాకిళ్లు ఉన్నాయనుకోండి, వీధివాకిలి, పెరటివాకిలి. కొన్ని స్పీకర్లకు రెండు వాకిళ్లూ తెలుసు. కొన్నింటికి, ముఖ్యంగా పాతవాటికీ తక్కువ ఖరీదువాటికీ, 2.4 అనే పెరటివాకిలి ఒక్కటే తెలుసు. మన ఫోనేమో వేగం ఎక్కువని వీధివాకిట్లో, అంటే 5 గిగాహెర్ట్జ్ దగ్గర, నిలబడి "రావే, ఇక్కడ చేరు" అని స్పీకరును పిలుస్తుంది. స్పీకరుకు ఆ వాకిలే కనబడదు. ఫోనేమో "పరికరం దొరకలేదు" అంటుంది. మనం స్పీకరు చెడిపోయిందనుకుంటాం. చెడిపోయింది ఏదీ లేదు. ఇద్దరూ వేర్వేరు వాకిళ్ల దగ్గర నిలబడ్డారు, అంతే.

మా వీధిలో ఒక చేనేత ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. ముందుభాగం కొత్తగా వేసిన కాంక్రీటు గది. వెనకభాగం పాతకాలపు రాతి మిద్దె, గోడ మందం రెండడుగులకు తక్కువ ఉండదు. మగ్గం గుంత ఆ మిద్దెలోనే. ఆ ఇంటి అవ్వకు చూపు బాగా మందగించింది. యాభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మనిషి, ఇప్పుడు మగ్గం పక్కనే మంచం వేసుకుని పడుకుంటుంది. ఆమెకు పొద్దు పోవాలని మనవడు బెంగుళూరు నుంచి స్పీకరు తెచ్చి ఇచ్చాడు. మూడు నెలలు బ్రహ్మాండంగా పలికింది. ఒకనాడు పిడుగులవానకు పాత రూటరు కాలిపోతే, కొత్తది తెచ్చి బిగించారు. ఆనాటి నుంచి స్పీకరు నోరు మెదపలేదు.

ఇంట్లో కోడలు కొత్తపిల్ల, పెళ్లై ఏడాది కాలేదు. అత్తగారు అందరి ముందరా అనేసింది, "ఈ పిల్ల గుడ్డ పెట్టి తుడిచినాకనే పలకల్యా" అని. మొగుడు బెంగుళూరు నుంచి ఫోనులో "కింద పడేసినావా ఏమి?" అన్నాడు. ఆ పిల్ల ఆ స్పీకరును సంచిలో పెట్టుకుని బస్సెక్కి అనంతపురం పోయింది. అక్కడొక కొట్టు అతను తిప్పి చూసి, "బోర్డు పోయిందమ్మా, బాగు చేస్తే నిలవదు, కొత్తది తీసుకో" అన్నాడు. నాలుగు వేలు ఆ పిల్ల దగ్గర ఎక్కడివి? తిరిగొచ్చి, పుట్టింటివాళ్లను అడగాలా అని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

"అక్కా, నేను తుడిచిన మాట నిజమే. కాని పొడిగుడ్డతోనే తుడిచినా" అంది.

"తుడిస్తే పోయేదైతే ఇంట్లో ఏ సామానూ మిగలదమ్మా. పద, చూద్దాం" అన్నాను.

ఇద్దరం కూర్చుని వరసగా చూశాం. స్పీకరుకు కరెంటు పెడితే లైటు వెలిగింది, చిన్న శబ్దం కూడా చేసింది. బోర్డు పోయినది అలా ప్రాణమున్నట్టు లేచి కూర్చోదు. తరువాత రూటరును తిప్పి కింద అంటించిన చీటీ చూశాం. రెండు పేర్లున్నాయి. ఒకటి మామూలు పేరు, రెండవది అదే పేరు చివర "5జీ" అని. ఆ పిల్ల ఫోను ఏ పేరు మీద ఉందో చూస్తే, 5జీ మీద ఉంది. స్పీకరు వచ్చిన అట్టపెట్టె అటక మీద దొరికింది. దానిమీద చిన్న అక్షరాలలో "2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే" అని రాసి ఉంది. దొంగ దొరికాడు. కొత్త రూటరుకు కొత్త పేరు, కొత్త పాస్‌వర్డు. పాత పేరు కోసం స్పీకరు మూడు వారాలుగా వెతుక్కుంటూనే ఉంది. కొత్త పేరు చెప్పబోయిన ఫోనేమో తప్పు వాకిట్లో ఉంది.

ఫోనును మామూలు పేరుకు మార్చి, స్పీకరును రూటరున్న గదికి తెచ్చి, కంపెనీవాళ్ల యాప్‌లో మొదటినుంచి కలిపాము. పది నిమిషాల పని. పలికింది. అయితే మగ్గం దగ్గరికి తీసుకుపోయేసరికి తెగి తెగి పలకడం మొదలుపెట్టింది. చూస్తే రూటరుకూ రాతిగోడకూ మధ్య స్టీలు సామాన్ల స్టాండు, దాని పక్కన నీళ్ల డ్రమ్ములు మూడు. రూటరును మేకు కొట్టి ఎత్తుగా, గుమ్మానికి ఎదురుగా తగిలించాము. గోడలోంచి దూరడం కన్నా తెరిచిన గుమ్మంలోంచి పోవడం తరంగానికీ సులువే. ఆ సాయంత్రం అవ్వ హరికథ చివరిదాకా విన్నది. అత్తగారు ఏమీ అనలేదు, కోడలికి కాఫీ గ్లాసు చేతికిచ్చింది. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఇదే వరసను మీకు విడివిడిగా చెబుతాను. కాగితం, పెన్సిలు ఉంటే రాసుకోండి.

ఒకటి. అది వైఫై స్పీకరా, బ్లూటూత్ స్పీకరా ముందు తేల్చుకోండి. బ్లూటూత్ స్పీకరుకు రూటరుతో పని లేదు. అది నేరుగా ఫోనుతో మాట్లాడుతుంది, ఫోను వేరే గదికి పోతే ఆగిపోతుంది. వైఫై స్పీకరు మాత్రం రూటరు ద్వారా నడుస్తుంది. కొన్నింటికి రెండూ ఉంటాయి.

రెండు. రూటరుకు ఇంటర్నెట్టు వస్తున్నదా చూడండి. ఫైబరు కనెక్షన్ పెట్టెల మీద "ఎల్.ఓ.ఎస్." అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా కొట్టుకుంటున్నదంటే బయట తీగలోనే లోపం ఉందని అర్థం. అప్పుడు స్పీకరును ఎంత బతిమాలినా లాభం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి పల్లెలకు తెచ్చారు. తీగ స్తంభాల మీద ఉన్నప్పుడు గాలివానకు తెగడమూ ఉంటుంది. అటువంటప్పుడు మన ఇంట్లో పనేమీ లేదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోను చేయాలి.

మూడు. కరెంటు పోయి వచ్చిన తరువాత స్పీకరు పలకకపోతే కంగారు పడవద్దు. రూటరు పూర్తిగా లేచి నిలబడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. స్పీకరు అంతకన్నా ముందే లేచి, వెతికి, దొరకక ఊరుకుంటుంది. రూటరు దీపాలన్నీ నిలకడగా వెలిగాక స్పీకరు ప్లగ్గు తీసి మళ్లీ పెట్టండి. రూటరుకని చిన్న బ్యాటరీ పెట్టె దొరుకుతుంది. అది పెట్టుకుంటే కరెంటు వచ్చీపోయే వేళల్లో ఈ తిప్పలు తగ్గుతాయి.

నాలుగు. స్పీకరు ఏ దారి ఎరుగునో అట్టపెట్టె మీదా, కూడా వచ్చిన పుస్తకంలోనూ చూడండి. 2.4 మాత్రమే అని ఉంటే ఫోనును కూడా ఆ పేరు మీదికే మార్చి కలపండి. ఆ సమయంలో సెల్‌ఫోను డేటా ఆపండి. వి.పి.ఎన్. పెట్టుకుని ఉంటే అదీ ఆపండి. ఫోనులో లొకేషను, బ్లూటూత్ తెరిచి ఉంచండి. యాప్ అనుమతి అడిగితే చదివి ఇవ్వండి. ఇవి లేకపోతే కొన్ని ఫోన్లు పక్కనే ఉన్న స్పీకరును కూడా చూడలేవు.

అయిదు. కొన్ని రూటర్లలో రెండు దారులకూ ఒకే పేరు ఉంటుంది. ఏ పరికరాన్ని ఏ దారిలో పంపాలో రూటరే నిర్ణయిస్తుంది. మామూలు రోజుల్లో అది సౌకర్యమే. స్పీకరు కలిపేరోజున మాత్రం అదే అడ్డం. అప్పుడు రెండు ఉపాయాలు. మొదటిది, రూటరు సెట్టింగుల్లోకి వెళ్లి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టడం, లేదా ఆ పది నిమిషాలు 5 గిగాహెర్ట్జ్‌ను ఆపివేయడం. సెట్టింగుల చిరునామా రూటరు కింది చీటీమీదే ఉంటుంది. ఎక్కువగా 192.168.1.1 అనో, 192.168.0.1 అనో ఉంటుంది. రెండవది ఇంకా సులువు. ఫోనునూ స్పీకరునూ పట్టుకుని రూటరుకు దూరంగా, రెండు గోడల అవతలికి వెళ్లండి. అక్కడ 5 గిగాహెర్ట్జ్ సన్నగిల్లి, ఫోను చాలావరకు తనంతట తానే 2.4కు దిగుతుంది. అప్పుడు కలపండి.

కలపడం అయ్యాక ఫోను తిరిగి 5 గిగాహెర్ట్జ్‌కు పోయినా ఫరవాలేదు. వాకిళ్లు రెండైనా ఇల్లు ఒకటే గదా! లోపల ఫోనూ స్పీకరూ మాట్లాడుకోగలవు. కాని, "గెస్ట్" అని అతిథులకు ఇచ్చే పేరు ఒకటి ఉంటుంది. దానిమీద మాత్రం స్పీకరును పెట్టవద్దు. అతిథులు మన ఇంటి లోపలి సామాన్ల జోలికి రాకుండా రూటరు అక్కడ గోడ కడుతుంది. ఫోను లోపలా, స్పీకరు ఆ గోడ అవతలా ఉంటే ఒకరి మాట ఒకరికి చేరదు.

ఆరు. పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా తప్పు అంటున్నదా? ఇంగ్లీషులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడండి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా చూడండి. అప్పటికీ కాకపోతే, రూటరు కొత్తరకం తాళం వేసి ఉండవచ్చు. దాన్ని డబ్ల్యూ.పి.ఎ.-3 అంటారు. పాత స్పీకర్లకు డబ్ల్యూ.పి.ఎ.-2 వరకే తెలుసు. సెట్టింగుల్లో రెండూ కలిసిన పద్ధతి ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. తాళం లేకుండా వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఏడు. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో కూడా చిన్నచిన్న సందులుంటాయి, వాటిని ఛానళ్లు అంటారు. మన దేశంలో 1 నుంచి 13 వరకు వాడవచ్చు. వాటిలో 1, 6, 11 అనేవి ఒకదానిమీద ఒకటి పడవు. పక్కింటి రూటరు 6 మీద ఉంటే మనది 1కో 11కో మార్చుకోవడం మేలు. అమెరికా నుంచి బిడ్డో తమ్ముడో తెచ్చిన స్పీకరైతే ఇంకొక సంగతి. అక్కడి పరికరాలు చాలావరకు 11 దాకానే చూస్తాయి. మన రూటరు తనంతట తాను 12 మీదికో 13 మీదికో పోయిందంటే, ఆ స్పీకరుకు మన ఇల్లే కనబడదు. అటువంటి స్పీకరుకు కరెంటు పెట్టేముందు అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందా చూడడం మరవకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230.

5 గిగాహెర్ట్జ్ దారిలో కొన్ని సందులు రాడార్లతో పంచుకోవలసి ఉంటుంది. అవి 52 నుంచి 144 వరకు. రాడారు జాడ తగిలితే రూటరు ఆ సందు ఖాళీ చేసి వేరేచోటికి పోవాలని నియమం. ఆ క్షణంలో పాట తెగుతుంది. రెండు దారులూ ఎరిగిన స్పీకరును 5 మీద వాడుకునేవాళ్లు 36 నుంచి 48 లోపు ఛానలు పెట్టుకుంటే ఆ బెడద ఉండదు.

ఎనిమిది. చోటు. మన సీమలో కొళాయి రోజూ రాని ఊళ్లు ఎన్నో. వచ్చినరోజు డ్రమ్ములు, బిందెలు, తొట్లు నింపిపెట్టుకుంటాం. నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది. ఇనుపబీరువా, స్టీలు స్టాండు, నిలువుటద్దం వెనక్కి కొట్టేస్తాయి. కాబట్టి రూటరుకూ స్పీకరుకూ నడుమ ఇవి లేకుండా చూసుకోండి. రూటరును టీవీ వెనక దాచవద్దు, నేలమీద పెట్టవద్దు. ఎత్తుగా, ఇంటి నడుమ ఉంచండి. మైక్రోవేవ్ పొయ్యి ఉన్నవాళ్లు స్పీకరును దాని పక్కన పెట్టవద్దు. ఆ పొయ్యి పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే, అది తిరిగినంతసేపూ పాట గొణుగుతుంది.

తొమ్మిది. ఇవన్నీ చూశాక మాత్రమే స్పీకరును మొదటి స్థితికి తేవాలి, అంటే రీసెట్ చేయాలి. ఏ బొత్తాం ఎంతసేపు నొక్కిపట్టాలో దాని పుస్తకంలో ఉంటుంది. అది చేస్తే పాత గుర్తులన్నీ చెరిగిపోతాయి, మళ్లీ మొదటినుంచి కలుపుకోవాలి. కొత్త స్పీకరు కొనే ఆలోచన పదవ మెట్టు మీదిది. మొదటి మెట్టు మీదిది కాదు.

మరి ఏ దారి మంచిది అని అడగవచ్చు. పాట వినడానికి పెద్ద వేగం అక్కరలేదు. మేలురకం పాట కూడా సెకనుకు 320 కిలోబిట్లు ఉంటే హాయిగా సాగుతుంది. అంటే ఒక మెగాబిట్‌లో మూడోవంతు. 2.4 గిగాహెర్ట్జ్ దారిలో అంతకు ఎన్నో రెట్లు వస్తుంది. కనుక రాతి మిద్దెలు, మందపు గోడలు ఉన్న మన ఇళ్లల్లో దూరపు గదిలోని స్పీకరుకు 2.4 మేలు. పట్నంలో అపార్టుమెంటులో ఉంటూ, చుట్టూ ఇరవై రూటర్లు 2.4 మీద రొద చేస్తుంటే, రూటరున్న గదిలోని స్పీకరుకు 5 మేలు. ఊరినిబట్టి, గోడనుబట్టి, దూరాన్నిబట్టి. ఏ కొట్టు అతనూ మన గోడలు చూడలేదు, రోజూ చూసేది మనం. అందుకే తీర్పు మనదే.

కొందరు "ఈ గాలిమరలు వచ్చినప్పటినుంచే మా వైఫై పోయింది" అంటుంటారు. మా ఉరవకొండ, వజ్రకరూరు ప్రాంతంలో గాలిమరలు చాలా ఉన్నాయి, నిజమే. కాని మీ రూటరు హాల్లో ఉంది, స్పీకరు వంటింట్లో ఉంది. గాలిమర చేనులో ఉంది. ఆ రెండింటి మధ్యకు అది ఎలా వస్తుంది? మధ్యలో ఉన్న బీరువాను అడగండి, చెబుతుంది.

ఒకప్పుడు రేడియో వినాలంటే పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలని, కట్టిన పుస్తకం భద్రంగా దాచేవాళ్లమని మా అమ్మ చెప్పేది. 1980ల నడుమ దాన్ని తీసేశారు. వైఫై తరంగాలకు లైసెన్సు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ విషయంలో 2005లోను, 5 గిగాహెర్ట్జ్‌ను మరింత విస్తరించి 2018లోను ప్రకటించింది. అంటే ఇది ఊరిచెరువు వంటిది. ఎవరైనా ముంచుకోవచ్చు, నాదీ అని ఎవరూ గిరి గీయలేరు. అందుకే రద్దీ, అందుకే కొంచెం సర్దుబాటు.

ఆడవాళ్లకు ఇది చేతకాదనే మాట వినబడినప్పుడల్లా నాకు హెడీ లామార్ గుర్తొస్తుంది. ఆమె వియన్నాలో 1914లో పుట్టి, హాలీవుడ్‌లో పేరు పొందిన నటి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడితో కలిసి, రేడియో సంకేతం శత్రువుకు చిక్కకుండా ఒక తరంగం మీదినుంచి మరొక తరంగం మీదికి గెంతుతూ పోయే పద్ధతికి 1942 ఆగస్టులో అమెరికాలో పేటెంటు సంపాదించింది. పియానోకు ఉండే 88 మెట్ల లెక్కనే దానిలో 88 తరంగాలు వాడారు. అలా గెంతడమనే ఉపాయం ఈనాటి బ్లూటూత్‌లోనూ ఉంది. మామూలు బ్లూటూత్ ఒక్క సెకనులో 1600 సార్లు గెంతుతుంది. సినిమాతార అంటే అందం చూసేవాళ్లే గాని, ఆ బుర్రను చూసినవాళ్లు ఆనాడు తక్కువ. మన ఇళ్లల్లోనూ అంతే కాబోలు.

చివరగా ముఖ్యమైన మాట. ఇంటి తాళంచెవి మన బొడ్లో ఉంటుంది. బీరువా తాళంచెవి మన దగ్గరే. పాల లెక్క, గ్యాసు పుస్తకం, పిల్లల రేషను కార్డు వివరాలు మన దగ్గరే. మరి వైఫై పాస్‌వర్డు? అది మాత్రం ఆయనగారి ఫోనులోనో, బెంగుళూరులోని అబ్బాయి జ్ఞాపకంలోనో ఉంటుంది. పగలంతా ఇంట్లో ఉండేది మనం, ముసలివాళ్ల దగ్గర కూర్చునేది మనం, స్పీకరు పలకకపోతే మాట పడేది మనం. తాళంచెవి మాత్రం ఇంకొకరి దగ్గర! ఇది మొండితనంతో అడగవలసింది కాదు, హక్కుగా అడిగి రాసుకోవలసింది.

ఈ రాత్రి అన్నాలయ్యాక ఒక పని చేయండి. పాల లెక్క పుస్తకం చివరిపేజీలో మూడు ముక్కలు రాసుకోండి. రూటరు పేర్లు రెండూ, వాటి పాస్‌వర్డు, కనెక్షన్ ఇచ్చినవాళ్ల ఫోను నంబరు. పక్కనే స్పీకరుకు ఏ దారి తెలుసో రాయండి, 2.4 మాత్రమేనా, రెండూనా అని. రేపు రూటరు మార్చవలసి వస్తే, వచ్చిన అబ్బాయితో "బాబూ, పాత పేరే పెట్టు, పాత పాస్‌వర్డే పెట్టు, తాళం రకం కూడా పాతదే ఉంచు" అని చెప్పండి. అలా చేస్తే స్పీకరు, టీవీ, ఫోన్లు చాలావరకు తమంతట తామే వచ్చి కలుస్తాయి. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మా వీధి కోడలు అనంతపురం బస్సు ఎక్కవలసిన అవసరమే ఉండేది కాదు.

ఆ పుస్తకం నలుగురి చేతిలో పడకుండా చూసుకోండి సుమా. పక్కింటి పిల్లలు అడిగితే గెస్ట్ పేరు ఇవ్వండి. మాటలు వినే రకం స్పీకరైతే, దాని చెవి మూసే బొత్తాం ఎక్కడుందో తెలిసికోండి. డబ్బు సంగతులు, ఇంటి గుట్లు మాట్లాడుకునేటప్పుడు అది మూసి ఉండడం మంచిది.

చూపు తగ్గినవాళ్లకు, మంచం దిగలేనివాళ్లకు చెవే కిటికీ. ఆ కిటికీ మూసుకుపోతే తెరవగలిగిన చెయ్యి ఇంట్లో ఒకటైనా ఉండాలి. అది మీ చెయ్యే కావాలని కోరుకుంటున్నాను.